రత్నగిరి మీద సన్నికల్లు



పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి తన పెళ్లి పని మీద నన్ను అమీర్‌పేటలో ఒక మూడో అంతస్తు ఆఫీసుకి తీసుకెళ్లింది. మెట్రో స్టేషన్ దిగితే అయిదు నిమిషాల నడక. కింద మిర్చి బజ్జీల బండి, దాని పక్కన కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాడు, పైన పెళ్లిళ్లు చేసిపెట్టే ఆఫీసు. చల్లటి గదిలో కూర్చోబెట్టి, ఓ పాతికేళ్ల అబ్బాయి ట్యాబ్ మీద బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. "ఇది మా రస్టిక్ మౌంటెన్ థీమ్, ఆంటీ" అన్నాడు.

ఆ బొమ్మల్లో ఒక కొండవాలు. దాని మీద తాటాకు పందిరి. చెట్టుకి ఆనించిన ఎడ్లబండి చక్రం. లాంతర్లు. గోనెపట్టా పరిచిన బల్లలు, వాటి మీద అడ్డాకు విస్తళ్లు. పందిట్లో ఓ మూల రోలు, రోకలి, సన్నికల్లు. "అన్నీ మేమే పైకి చేరుస్తాం, ఆంటీ. మీరు చేతులూపుకుంటూ వచ్చేయొచ్చు. చక్రానికి మాత్రం అద్దె విడిగా" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. మా అమ్మాయి మోచేత్తో పొడిచింది. పాపం, ఆ అబ్బాయిని చూసి కాదు నేను నవ్వింది. ముప్ఫై ఏళ్ల కిందట ఇదే అమీర్‌పేటలో, ఆ ఆఫీసుకి రెండు వీధుల అవతల, మా నాన్నగారు లెడ్జరు కాగితం మీద రాసిన నా పెళ్లి చిట్టాలో కూడా సన్నికల్లు ఉంది. కొండ పైకి మోయించడానికి కూలి ఎంతవుతుందో కనుక్కుని వచ్చి, ఆయన దాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు.

నా పెళ్లి అన్నవరంలో జరిగింది. మాది పిఠాపురం దగ్గర పల్లె. నాన్నగారు ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి అమీర్‌పేటలో రెండు గదుల వాటా తీసుకున్నారు. నాకు రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి తప్పిపోయాయి. అప్పుడు అమ్మ మొక్కుకుంది, పిల్లకి పెళ్లి కుదిరితే సత్యదేవుడి కొండ మీదే చేస్తానని. మొక్కు నిజమే. దాంతోపాటు ఇంకో నిజం కూడా ఉంది. హైదరాబాదులో కల్యాణ మండపం అద్దె నాన్నగారి స్తోమతకి అందదు. గోదావరి జిల్లాల్లో ఎవరి పెళ్లి గురించైనా "అన్నవరంలో చేసేశారట" అంటే, ఆ "చేసేశారట" అన్న మాటలో చిన్న చురక ఉండేది. ఖర్చుకి జంకారని. అమ్మ ఆ చురకని మొక్కు మాటున దాచుకుంది. ఇప్పుడేమో అదే పద్ధతికి ఓ పేరు పెట్టి, మూడో అంతస్తులో అమ్ముతున్నారు.

కొండ అని పెద్ద మాట వాడుతున్నాను గానీ, అన్నవరంలోని ఆ రత్నగిరి ఎత్తు సుమారు 300 అడుగులే. హిమాలయాల వాళ్లు చూస్తే దీన్ని కొండ అనరు. తెలంగాణలో అయితే గుట్ట అంటారు. ఆ మాటకొస్తే మా పక్క పేట పంజగుట్ట పేరులోనే గుట్ట ఉంది. దాని మీదుగా ఫ్లైఓవరూ, ఫ్లైఓవరు పక్కన మెట్రో స్తంభాలూ వచ్చాక, గుట్ట ఎక్కడని పిల్లలడిగితే చూపించడానికి ఏమీ మిగల్లేదు.

మా పెళ్లి పనులు మొదలైంది ఆషాఢంలో. ఆషాఢంలో మనుషులకి ముహూర్తాలుండవు. బల్కంపేట ఎల్లమ్మకి మాత్రం ఆ నెలలోనే, మొదటి మంగళవారం నాడు, కల్యాణం చేస్తారు. అమీర్‌పేట నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఆ తల్లి బావిలో వెలిసింది, నేలమట్టానికి పదడుగుల కింద. అమ్మ ఆ జనంలో గంటలకొద్దీ నిలబడి కల్యాణం చూసొచ్చింది. "లోతున ఉన్న తల్లికి చెప్పొచ్చాను, ఇక ఎత్తున ఉన్న స్వామి దగ్గరికి వెళ్లొచ్చు" అంది. మర్నాడు ఆషాఢం తగ్గింపు ధరల బట్టల కొట్ల మీద పడ్డాం.

అమీర్‌పేటలో బట్టలు, పంజగుట్టలో బంగారం. ఈ వరస అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. పెళ్లివారు అమీర్‌పేటలో ఆటో ఎక్కి, పంజగుట్టలో దిగి, మధ్యలో ద్వారకాపురి సాయిబాబా గుడిలో ఓ దణ్ణం పెట్టుకుని వెళ్తుంటారు. అప్పట్లో పంజగుట్టలో నాన్నగారికి తెలిసిన కంసాలి ఒకాయన ఉండేవాడు. పుట్టింటివారి సూత్రం ఆయన చేతే చేయించాం. పుట్టింటి సూత్రం ఒకటి, అత్తింటి సూత్రం ఒకటి, రెండూ ముహూర్తం వేళకి ఒకే పసుపుతాడు మీదికి చేరాలి. చిట్టాలో అన్నిటికన్నా పైన రాసినది అదే.

ఆ చిట్టా నా దగ్గర ఇప్పటికీ ఉంది. నీలి గీతల కాగితం, మడతల దగ్గర చిరిగింది. నూట పధ్నాలుగు వస్తువులు. బాసికాలు, అడ్డుతెర, మధుపర్కాలు, కొబ్బరి బోండాం, గంప, పానకం బిందెలు, పాలికలు, మూకుళ్లు, జీలకర్ర, బెల్లం, తలంబ్రాల బియ్యం, విసనకర్రలు రెండు, వియ్యాలవారికి సబ్బులు, తువాళ్లు, పళ్లపొడి. పళ్లపొడి దగ్గర బ్రాండు పేరు కూడా రాశారు, మగపెళ్లివారి తరఫున పట్టుబట్టే పెద్దాయన ఒకరున్నారని. నూట పధ్నాలుగులో యాభై మూడు కొట్టేసి ఉన్నాయి. ఏది కొట్టెయ్యాలో తేల్చింది కొండే. రైల్లో పట్టాలి, రైలు దిగాక జీపులో పట్టాలి, పైన మనుషుల చేతుల్లో పట్టాలి. పట్టనిది రాదు. ఇది మనుషులకీ వర్తించింది. ఎవర్ని పిలవాలి, ఎవర్ని మానాలి అన్న తగాదా మా ఇంట్లో జరగనే లేదు. మోకాళ్లు బాగున్నవాళ్లూ, సెలవు దొరికినవాళ్లూ, మేమంటే నిజంగా ఇష్టమున్నవాళ్లూ వచ్చారు. మొత్తం కలిపి డెబ్బై మంది లోపే.

సన్నికల్లు దగ్గర మాత్రం అమ్మ ఊరుకోలేదు. పెళ్లికూతురి కాలు సన్నికల్లు మీద పెట్టించి మెట్టెలు తొడుగుతారు. రాయిలా స్థిరంగా ఉండమని దాని అర్థం. "అది లేకుండా పెళ్లేంటండీ?" అని అమ్మ. "కొండకి వెళ్తూ రాయి మోసుకెళ్తామా?" అని నాన్నగారు. రెండ్రోజులు మాటల్లేవు.

నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 1974లో మొదలైన రైలు అది. గోదావరి జిల్లాల నుంచి హైదరాబాదు చేరిన మాలాంటి కుటుంబాలకి రైలు కాదు, పుట్టింటి వీధి. సాయంత్రం ఎక్కితే అర్ధరాత్రి దాటాక అన్నవరం. ఇప్పుడైతే అమీర్‌పేట నుంచి నాంపల్లికి మెట్రోలో ఎర్ర లైను మీద నేరుగా వెళ్లిపోవచ్చు. అప్పుడు మూడు ఆటోలు, వాటిలో పాలికలు పగలకుండా ఒళ్లో పెట్టుకున్న మేనత్తలు.

రైల్లో నాన్నగారు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని స్థలపురాణం చెప్పారు. మేరు పర్వతానికీ, ఆయన భార్య మేనకకీ తపస్సు ఫలించి ఇద్దరు కొడుకులు పుట్టారట, భద్రుడు, రత్నాకరుడు. విష్ణువు కోసం తపస్సు చేసి భద్రుడు భద్రాచలమయ్యాడు, రత్నాకరుడు రత్నగిరి అయ్యాడు. అన్న మీద ఏటా శ్రీరామనవమికి సీతారాముల పెళ్లి. తమ్ముడి మీద వైశాఖ శుద్ధ ఏకాదశికి సత్యదేవుడి కల్యాణం, మిగతా ముహూర్తాలన్నిటికీ మనలాంటివాళ్ల పెళ్లిళ్లు. "అన్నదమ్ములిద్దరూ పెళ్లిపీటలే" అన్నారాయన. కొండ మీద స్వామి వెలిసింది 1891 ఆగస్టు 6న, శ్రావణ శుద్ధ విదియ నాడు. పురాణానికి తేదీ దొరికే గుళ్లు మనకి చాలా తక్కువ. మా పెళ్లి కూడా శ్రావణంలోనే. స్వామి వెలిసిన నెల అని అమ్మ సంబరం. వానల నెల అని నాన్నగారి బెంగ.

మెట్ల దారిలో 460 మెట్లు. పక్కనే ఘాట్ రోడ్డు ఉంది. పెద్దవాళ్లు రోడ్డున వెళ్లారు. నేను మాత్రం మెట్ల మీదే ఎక్కాను, మొక్కులో అదీ భాగం. ప్రతి మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ అమ్మ నా ముందు నడిచింది. వెనక్కి తిరిగితే కింద పంపా జలాశయం, దాని అవతల రైలు పట్టాలు, పొలాలు. సగం దూరంలో వాన మొదలైంది. మెట్ల మీద పసుపు కడుక్కుపోతూ కిందికి పారింది. అమ్మ చూసి, "నేను పెట్టాను, ఆయన తీసుకున్నాడు" అని మళ్లీ వంగింది.

ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటలకి దగ్గర్లో. మంచి ముహూర్తం రాత్రి అన్నవరం కొండ ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. చోటున్న ప్రతిచోటా పెళ్లే. మండపంలో ఒకటి, వరండాలో రెండు, షెడ్డు కింద నాలుగు. మా వరసలో ఏడు పెళ్లిళ్లున్నాయి. మధ్యలో గోడల్లేవు, చాపల అంచులే సరిహద్దులు. ఒకరి హోమం పొగ ఇంకొకరి పెళ్లికొడుకు కళ్లలోకి. ఒకరి పురోహితుడు మంత్రం మధ్యలో ఊపిరి పీల్చుకుంటే పక్క పెళ్లి పురోహితుడి గొంతు అందులో దూరుతుంది. మేనమామ నన్ను గంపలో కూర్చోబెట్టి, ఇంకో మేనమామతో కలిసి మోసుకొస్తూ చీకట్లో వేరే పందిరి దగ్గర దించబోయాడు. అక్కడి పెళ్లికొడుకు తల్లి, "మా పిల్ల వచ్చేసిందండీ" అని మర్యాదగా చెప్పి, మా పందిరి చూపించింది.

దానికంటే పెద్దది గట్టిమేళం గొడవ. మూడు పక్కల మూడు సన్నాయి మేళాలు. తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగాలి, అందరూ అక్షతలు వెయ్యాలి. పక్క పెళ్లి ముహూర్తం మాకంటే నాలుగైదు నిమిషాలు ముందు. వాళ్ల గట్టిమేళం మోగగానే మా అమ్మ లేచి నిలబడి, గుప్పిట్లో ఉన్న అక్షతలన్నీ, కళ్లలో నీళ్లతో, పక్క పందిట్లో జంట మీద చల్లేసింది. అమ్మని చూసి మావాళ్లు పాతిక మంది చల్లారు. మా తాళి కట్టేసరికి మా వైపు అక్షతలు లేవు. అప్పుడు ఆ పక్క పెళ్లివారు వాళ్ల పళ్లెం ఇటు అందించారు. నా నెత్తిన పడ్డవి వాళ్ల బియ్యం.

మెట్టెల వేళ వచ్చింది. పురోహితుడు సన్నికల్లు అడిగాడు. అమ్మ నాన్నగారి వంక చూసింది. ఆయన గోడ వంక చూశారు. పురోహితుడికి ఇలాంటివి రోజూ చూసే అలవాటే కాబోలు, ఏమీ అనకుండా లేచి, మమ్మల్నిద్దర్నీ షెడ్డు చివరిదాకా నడిపించాడు. అక్కడ నేలలోంచి కొండరాయి కొంచెం పైకి లేచి ఉంది, తడిసి నల్లగా. "ఇంతకంటే పెద్ద సన్నికల్లు ఎవరు తేగలరమ్మా, కాలు పెట్టు" అన్నాడు. చల్లగా తగిలింది. ఆ చలి ఇంకా గుర్తుంది.

ఆ తర్వాత అరుంధతీ దర్శనం. వాన వెలిసింది గానీ మబ్బు పోలేదు. పురోహితుడు ఆకాశంలోకి వేలు చూపించి, "కనబడిందా?" అన్నాడు. కనబడిందన్నాను. అందరు పెళ్లికూతుళ్లూ ఆ అబద్ధంతోనే కాపురం మొదలుపెడతారు. చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయి ఫోన్‌లో నక్షత్రాలు చూపించే యాప్‌లో ఆ నెలా ఆ వేళా పెట్టి చూశాం. శ్రావణంలో ఆ జాముకి సప్తర్షి మండలంలోని వశిష్ఠుడూ అరుంధతీ వాయవ్యాన ఎప్పుడో అస్తమించి ఉంటారు. మబ్బు లేకపోయినా కనబడరు. మా ఆయనకి చెబితే, "నాకు మాత్రం కనబడింది" అన్నారు, పేపరులోంచి తలెత్తకుండా.

ఉదయం కొత్త జంటలందరితో వరసల్లో కూర్చోబెట్టి సత్యనారాయణ వ్రతం చేయించారు. రాత్రి కోరా మధుపర్కాల్లో గంభీరంగా ఉన్నవాళ్లంతా అయిదు కథలు పూర్తయ్యేలోగా ఒకరి భుజం మీద ఒకరు తూగారు. కథ ముగిశాక ప్రసాదం. గోధుమ నూక, నెయ్యి, యాలకులు, అడ్డాకు పొట్లంలో వేడివేడిగా. రాత్రంతా ఉపవాసమున్న నోటికి అది ఎలా ఉంటుందో చెప్పలేను. అడ్డాకు ఏజెన్సీ అడవుల్లో గిరిజనులు కోసి తెచ్చేది. ఇప్పుడా ఆకుతో కుట్టిన విస్తళ్లు నగరంలో పెళ్లి అలంకరణ సామాను కింద లెక్క. దాని వాసన మాత్రం నెయ్యి తగిలితేనే బయటికొస్తుంది.

ఇక మా అమ్మాయి పెళ్లికి వద్దాం. తను మొదట హిమాలయాలంది. ఉత్తరాఖండ్‌లో త్రియుగీ నారాయణ్ అని ఒక ఊరుంది. శివపార్వతుల పెళ్లి అక్కడే జరిగిందనీ, ఆ పెళ్లినాటి అగ్నిగుండం ఇప్పటికీ ఆరలేదనీ నమ్మకం. ఈమధ్య అక్కడ పెళ్లి చేసుకునే జంటలు పెరిగాయి. వాళ్లకి దణ్ణం. కానీ అదే రాష్ట్రంలో ఔలీ అనే మంచుకొండల చోటు ఉంది. 2019 జూన్‌లో అక్కడ ఒక వ్యాపార కుటుంబం ఇద్దరు కొడుకుల పెళ్లిళ్లు చేసింది. 200 కోట్ల ఖర్చని పత్రికలు రాశాయి. కొండకి జరిగే నష్టం కింద మూడు కోట్లు కట్టమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. పెళ్లయ్యాక మున్సిపాలిటీవాళ్లు గుట్టలుగా చెత్త ఎత్తిపోశారు. కొండ మీదికి ఊరిని మోసుకెళ్తే అంతే మరి.

తర్వాత తిరుమల అంది మా వియ్యపురాలు. అక్కడ పాపవినాశనం రోడ్డులో దేవస్థానం వారి కల్యాణ వేదిక ఉంది. 2016 నుంచి ఉచితంగా పెళ్లిళ్లు చేస్తున్నారు. పురోహితుడు, మేళం, పసుపు, కుంకుమ, కంకణాలు వాళ్లవే. ఇరువైపులా తల్లిదండ్రులు ఉండాలి, వయసు రుజువులు చూపాలి. కానీ ప్రేమ వివాహాలు అక్కడ చెయ్యరు. మావాళ్లది ప్రేమే. దాచిపెట్టి పత్రాలు నింపుదామని ఒకరన్నారు, ఏడుకొండలవాడి దగ్గర అబద్ధమా అని మా ఆయన ఊరుకోలేదు. అరుంధతి సంగతి నేను గుర్తుచెయ్యలేదు. అయినా ఆ స్వామి పెళ్లి కూడా కొండ మీద జరగలేదు. కిందికి దిగి నారాయణవనంలో చేసుకున్నాడు. కుబేరుడి దగ్గర చేసిన అప్పుకి వడ్డీ ఇంకా కడుతూనే ఉన్నాడంటారు. మైదానంలో పెళ్లి పెట్టుకుంటే దేవుడికే ఆ గతి.

చివరికి అన్నవరమే ఖాయమైంది, ఈ శ్రావణంలోనే. మా అమ్మాయే తేల్చింది, నా పాత చిట్టా చదివాక.

కొండ మీద పెళ్లి పెట్టుకునేవాళ్లకి నాకు తోచినవి రెండు మూడు చెబుతాను. శుభలేఖ అచ్చు వేయించకముందే గదులు చూసుకోండి. మంచి ముహూర్తానికి కొండ మీదా, కిందా కూడా గదుల కోసం జనం కొట్టుకుంటారు. రాత్రంతా మెలకువగా ఉండే ముసలివాళ్లకి నడుం వాల్చే చోటు లేకపోతే ఆ పెళ్లి వాళ్లకి శిక్ష. గాలికి దీపాలు నిలవవు, గాజు చిమ్నీలు రెండు పట్టుకెళ్లండి. గొడుగుల సంగతి చెప్పక్కర్లేదు. వంటలు కింద సత్రంలో పెట్టుకోండి. మంగళసూత్రాలు ఎవరి దగ్గరున్నాయో ఇద్దరికి తెలియాలి, ముగ్గురికి తెలియకూడదు. అక్షతలు మాత్రం ఓ గిన్నెడు విడిగా దాచండి.

మూడో అంతస్తు అబ్బాయిని పూర్తిగా వదిలెయ్యలేదు మేము. చక్రం వద్దన్నాం, గడ్డివాము వద్దన్నాం, లాంతర్లు ఉంచాం. సన్నికల్లు వద్దని నేను గట్టిగా చెప్పాను. "ఏం చేస్తారు మరి, ఆంటీ?" అన్నాడు. అక్కడే ఉందన్నాను. ఆ షెడ్డు ఇప్పుడుందో లేదో, ఆ రాయి సిమెంటు కింద పోయిందో, వెళ్తే గానీ తెలియదు.

కింద సత్రంలో భోజనాల దగ్గర పాత ఫొటోలు దండలా వేలాడదీస్తామన్నాడా అబ్బాయి. మీ పెళ్లి ఫొటోలివ్వండన్నాడు. నా పెళ్లికి ఫొటోలు రెండు రీళ్లు. ఫొటోగ్రాఫరు ఆ రాత్రి మూడు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. పందిళ్ల మధ్య పరుగెత్తుతూ తీశాడు. వీడియో క్యాసెట్ ఎప్పుడో బూజుపట్టి పోయింది. ఆల్బంలో చాలావాటిలో మా మొహాలు వెలిసిపోయాయి.

ఒకటి మాత్రం నిగనిగలాడుతోంది. అందులో మేం లేము. పక్క పందిరి జంట తలలు వంచుకుని ఉన్నారు, వాళ్ల మీద మా అమ్మ రెండు చేతులూ ఎత్తి అక్షతలు చల్లుతోంది. వానకి తడిసిన జుట్టు, నుదుటి మీద చెదిరిన బొట్టు, నోరు తెరిచి ఏదో దీవిస్తోంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆవిడ బతికుండగా తీసిన ఫొటోలన్నిటిలోకీ నవ్వుతున్నది అదొక్కటే.

ఆ ఫొటోనే ఇచ్చాను. "పెళ్లికూతురు మీరేనా, ఆంటీ?" అన్నాడు. కాదన్నాను. "మరి వీళ్లు?" అన్నాడు.

అమ్మని చూపించాను. "పెళ్లికూతురి అమ్మమ్మ. ఈవిడ కనబడేచోట కట్టు" అన్నాను.